హుసేన్‌బీ అటక మీది కుండలు

జనానికి పొదుపు నేర్పే ఉద్యోగంలో మీరు చేరారని విన్నాను. ముందుగా నా సానుభూతి అందుకోండి. నేను సహకార శాఖలో ఆ పని మీదే జుట్టు నెరిసేదాకా తిరిగాను. ఏ ఏడు ఏ మెట్టు ఎక్కానో, ఎవరి సంతకంతో ఎక్కడికి బదిలీ అయ్యానో రాయబోవడం లేదు. అవి నాకే విసుగు. యుద్ధం రోజుల్లో, పల్నాడులో, గురజాలకు దగ్గరగా ఉన్న ఒక పల్లెలో నేను చూసింది మాత్రం రాస్తాను. ఊరి పేరు చెప్పను, మనుషుల పేర్లు మార్చాను. నేను చదివిన పుస్తకాల్లో అలాంటి పొదుపు లేదు. మీకిచ్చే పుస్తకాల్లో కూడా ఉండదు.

బియ్యంతో మొదలైన కాగితం

అప్పట్లో నా కాపురం నరసరావుపేటలో. ధరలు మండిపోతున్న కాలం అది. కిరసనాయిలు దొరికేది కాదు, గుడ్డ దొరికేది కాదు, దొరికిన చోట కొనే తాహతు ఎవరికీ ఉండేది కాదు. పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి రాబడి ఎంత, ఖర్చెంత రాసి, ఏ ఖర్చు తగ్గించుకోవచ్చో చెప్పి, మిగిలినదాన్ని పొదుపు సంఘంలో వేయించడం నా పని. అందుకోసం మా పై అధికారి డిప్యూటీ రిజిస్ట్రారు గారు స్వయంగా ఒక కాగితం తయారు చేశారు. పైన వరసగా పన్నెండు నెలలు, పక్కన ఖర్చుల పేర్లు. మొదటి ఖర్చు బియ్యం. ఆయనది కోనసీమ. మనిషన్నవాడు బియ్యం కాక ఇంకేదైనా తింటాడని ఆయన ఊహకు అందలేదు.

పల్నాడులో కూలివాళ్ళు జొన్నలు తింటారు. బియ్యం పండక్కి. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టి బియ్యం కొట్టేసి జొన్నలు అని రాసుకుని, చానా తెలివైన పని చేశాననుకుంటూ రైల్లో సైకిలు వేసుకుని గురజాలలో దిగాను.

మొదట వెళ్ళింది కోటమ్మ ఇంటికి. ఒక్క గది గుడిసె, ఇద్దరు చిన్నపిల్లలు. ఆమె మొగుడు శివయ్య ఇంట్లో లేడు. తిరగలి ముందు కూర్చుని ఉన్న కోటమ్మను నా కాగితం చదువుతూ అడిగాను.

"అమ్మా, నెలకు మీ ఇంటి ఖర్చు ఎంతవుద్ది?"

"ఏ నెలకయ్యా?"

"ఏ నెలకైనా."

"ఏ నెలకైనా అంటే ఎట్టా? మాఘమాసానికీ ఆషాఢానికీ ఒకటే కడుపా ఏంది?"

నా పెన్సిలు ఆగిపోయింది. మాఘంలో జొన్నకోతలు. కూలి గింజల్లో వస్తుంది, తింటారు. ఎండలు ముదిరాక పని ఉండదు. వానలు పడ్డాక కూడా కలుపు పనులు మొదలయ్యేదాకా ఇంట్లో గింజ ఉండదు. అప్పుడు ఊళ్ళో అందరూ మునసబు చలమయ్య ఇంటికి వెళ్ళి జొన్నలు అప్పు తెచ్చుకుంటారు. దాన్ని నాగు అంటారు. వానాకాలంలో బస్తా తెచ్చుకుంటే కోతలకు బస్తాన్నర కొలవాలి. కొలవలేకపోతే ఏరువాక పున్నమికి ఇంట్లో మగవాడు మునసబు దగ్గర ఏడాదికి పాలేరుగా కుదరాలి. కిందటేడు కోటమ్మ కొలవలేకపోయింది. శివయ్య పాలేరయ్యాడు. అదే ఊళ్ళో ఉంటాడు, మునసబు కొట్టంలో ఎడ్ల దగ్గర పడుకుంటాడు. పిల్లలు వీధిలో కనబడ్డ అతన్ని చూసి నాన్నా అని పరిగెత్తితే, పనిలో ఉన్నానని వెనక్కి పంపించేస్తాడు. ఇదంతా ఆమె తిరగలి ఆపకుండా చెప్పింది.

నేను ఉప్పులో, కిరసనాయిల్లో ఏం మిగుల్తుందా అని వెతకడానికి వచ్చాను. ఆ ఇల్లు కూలేది రోజూవారీ ఖర్చులో కాదు, ఆ రెండు మూడు నెలల్లో. నెలజీతం తీసుకునేవాడు తన సౌకర్యం కోసం గీసుకున్న గళ్ళు నా చేతిలో ఉన్నాయని అప్పుడర్థమైంది. అయినా ఉద్యోగం ఉద్యోగమే కాబట్టి, పోనీ పొగాకు మానితే కొంత మిగుల్తుంది కదమ్మా అన్నాను. మా డిప్యూటీ గారు పొగాకు కింద రెండు గీతలు గీసి పంపారు మరి.

కోటమ్మ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "పొగాకు మానితే కడుపు రెండో ముద్ద అడుగుద్దయ్యా. ఆ ముద్ద నువ్వు పెడతావా? నేను పొగాకు నవిలేది ముద్ద మిగిలిద్దని."

కాగితంలో దుబారా అని రాసి ఉన్నదే ఆ ఇంటి పొదుపు. మీరు ఎవరింటికైనా వెళ్ళి ఏదైనా కొట్టేసేముందు, అది అక్కడ ఎందుకుందో అడగండి. నేను ఇంత గట్టిగా చెబుతున్నానంటే, ఆ రోజు నాకు పట్టిన చెమట అలాంటిది.

అగ్గిపెట్టె కొనని వీధి

ఆ వీధిలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి కనబడింది. ఎవరి ఇంట్లోనూ అగ్గిపెట్టె లేదు. అడిగితే ఆడవాళ్ళంతా ఒకే మాట చెప్పారు. పొద్దున్నే హుసేన్‌బీ ఇంటికి పోయి నిప్పు తెచ్చుకుంటామని. హుసేన్‌బీ దూదేకులావిడ. ఆమె భర్త మస్తాన్ పరుపులకు దూది ఏకుతాడు, ఆమె బొంతలు కుడుతుంది. వాళ్ళ పొయ్యిలో రాత్రంతా పిడక కణకణలాడుతూ ఉంటుందట. ఆహా, వీధి మొత్తానికి ఒక్క పొయ్యి నిప్పు! ఇది పొదుపులోకెల్లా మేలైన పొదుపు అని డిప్యూటీ గారికి రాశాను. ఆయన చాలా మెచ్చుకుని మిగతా ఊళ్ళలో కూడా చెప్పమన్నారు.

తర్వాతిసారి వెళ్ళినప్పుడు మస్తాన్ ఇంటి లెక్క రాద్దామని, అతను పనికి పోకముందే పట్టుకోవాలని తెల్లవారుతుండగా వాళ్ళింటికి వెళ్ళాను. మస్తాన్ బయట దూది ఏకే విల్లు సరిచేసుకుంటున్నాడు. తలుపు తీసే ఉంది. లోపల కోటమ్మ, ఇంకా ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు చేతిలో పెంకులతో నిలబడి ఉన్నారు. పెంకులో నిప్పు వేయించుకోవాలి కదా. వాళ్ళు పైటకొంగు ముడి విప్పుతున్నారు. ముడిలోంచి పిడికెడు జొన్నలు. హుసేన్‌బీ నిచ్చెనెక్కి అటక మీదనుంచి కుండలు ఒక్కొక్కటీ వంచుతుంటే, ఎవరి పిడికెడు వాళ్ళు తమ కుండలో పోసి, నిప్పు తీసుకుని వెళ్ళిపోతున్నారు. నన్ను చూసి కోటమ్మ చేతిలో పెంకు జారి కింద పడింది.

నేను గుమ్మంలో అలాగే కొయ్యబారిపోయాను. పొదుపు సంఘం పెట్టించడానికి నేను కాళ్ళరిగేలా తిరుగుతున్న వీధిలో ఏనాటి నుంచో పొదుపు సంఘం నడుస్తోంది! దానికి నిప్పు ఒక సాకు!

హుసేన్‌బీ నిచ్చెన మీదనుంచే అంది. "చూస్తే చూశావు గానీ బాబూ, నోరు మాత్రం మెదపమాక."

తర్వాత ఆమె వివరంగా చెప్పింది. తిరగలిలో పోసేముందు జొన్నల్లోంచి ఒక పిడికెడు తీసి కొంగున ముడేసుకోవాలి. ఆ పిడికెడు మొగుడి కంట పడకూడదు, పిల్లల కంట పడకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఎవరి కుండ వాళ్ళింట్లో ఉండకూడదు.

"ఎందుకుండకూడదు?" అన్నాను.

"సొంత ఇంట్లో గింజ నిలవదు బాబూ. పిల్లోడు ఏడిస్తే అయిపోద్ది. పోనీ అక్కచెల్లెళ్ళింట్లో పెడదామా అంటే, మనదేగా అని ఆళ్ళు వండుకుంటారు. చుట్టరికం లేని ఇంట్లో ఉంటేనే దానికి భయం. నేను ఈ కుండల్లో చెయ్యి పెట్టి రేపు ఈళ్ళ మొహం ఎట్టా చూసేది?"

"మునసబు గారి మనిషి కుంచం పట్టుకుని వస్తాడు," అంది కోటమ్మ. "నాగు బాకీ ఉన్నోళ్ళ ఇంట్లో గింజ కనబడితే కొలుచుకుపోతాడు. ఈయక్క ఇంట్లో వెతకడు. ఈళ్ళకు బాకీ లేదు. ఈయేడు ఈ కుండతో ఆ రెండు నెలలూ లాగిచ్చానంటే నాగుకు పోను. నాగుకు పోకపోతే ఏరువాకకు ఏడాది గడువు తీరి మా ఆయన ఇంటికొచ్చేస్తాడు. అంతే నా లెక్క. మనసులో రాసుకో, కాయితంలో మాత్రం రాయమాక."

నేను రాసుకోలేదు. ఒక బ్యాంకుకు ఇనప తలుపులు, తాళాలు, కాపలావాళ్ళు ఉంటారు. ఇక్కడ ఉన్నదల్లా రేపు మొహం ఎట్టా చూసేదన్న సిగ్గు ఒక్కటే. అది చాలుతోంది. నాకు నమ్మబుద్ధి కాలేదు. నిచ్చెనెక్కి చూసి వచ్చాను. వేపాకు, బూడిద వేసి, మూకుడు మూసి, ఎవరి కుండ మెడకు వాళ్ళు ఒక గుడ్డపేలిక కట్టుకున్నారు. అటక నిండా కుండలే.

గింజల సోదా

ఆ వేసవిలో ప్రభుత్వం గింజలు సేకరించడం మొదలుపెట్టింది. ఊరికి ఇంత అని కట్టారు. ఇంటికి ఇంతకు మించి ఉంటే దాచినట్టు లెక్క, పట్టుకుపోతారు, కేసు పెడతారు. ఊళ్ళోకి వచ్చే రెవెన్యూ ఇన్స్పెక్టరుకు దారి చూపించే బాధ్యత మునసబుది. ఊళ్ళో అందరికంటే ఎక్కువ గింజ ఉన్నది ఆ మునసబుకే. ఆయన ఇంట్లో చూస్తే తినడానికి సరిపడా బస్తాలు పద్ధతిగా పేర్చి ఉన్నాయి. మిగతాది ఎక్కడుందో ఊరందరికీ తెలుసు. కళ్ళం కింద గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, జొన్నలు పోసి, మట్టి కప్పితే దాన్ని పాతర అంటారు. పైన ఎడ్లు తిరుగుతుంటాయి. తెలిసినవాళ్ళు చెప్పరు, తెలియనివాళ్ళకు కనబడదు.

ఊరి లెక్కకు ఎంతో కొంత చూపించాలి కాబట్టి చలమయ్య ఇన్స్పెక్టరును కూలివాళ్ళ వీధిలోకి తిప్పాడు. ఆ రోజు నేను ఆ ఊళ్ళోనే ఉన్నాను. హుసేన్‌బీ ఇంట్లోకి వెళ్ళిన బంట్రోతు అటకెక్కి కేకపెట్టాడు. రెండు మూడు కుండలు దింపి మూకుడు తీసి చూస్తే జొన్నలు. మొత్తం కలిపితే ఒక ఇంటికి ఉండాల్సినదానికి ఎక్కడో పైన.

"ఎవరివి ఇవన్నీ?" అన్నాడు ఇన్స్పెక్టరు.

వీధిలో ఆడవాళ్ళంతా గుమిగూడి ఉన్నారు. మునసబు పక్కనే నిలబడి ఉన్నాడు. ఒక్కరు పేరు చెబితే ఆ కుండ అక్కడికక్కడే బాకీ కింద పోతుంది.

"నాయే," అంది హుసేన్‌బీ.

"ఇన్ని జొన్నలు నీకెక్కడివి?"

"ఏకుడు కూలి బాబూ. ఏళ్ళ తరబడి కూడబెట్టాం."

ముందుకు వెళ్ళి, అది నిజం కాదు, నాకు తెలుసు అనబోయాను. ఆమె నా వైపు తిరిగి, "నువ్వు ఊరుకో బాబూ. నీకేం తెలుసు?" అని కసిరింది. అంతమందిలో నన్ను కసిరిన ఆడమనిషి ఆమె ఒక్కతే. మస్తాన్ తన పెళ్ళాం మొహం చూశాడు, తర్వాత నేల చూశాడు. ఇంటి యజమాని అతనే కాబట్టి కేసు అతని మీదే రాశారు. కుండల మూతులకు గుడ్డలు కట్టి లక్క వేసి, బండికెత్తి, ఆ బండి వెనకే అతన్ని గురజాల నడిపించారు. పరాయివాళ్ళ గింజల కోసం ఒక మనిషి జైలుకు పోతున్నాడు, అతని భార్యే పంపిస్తోంది. నా కళ్ళతో చూస్తున్నదాన్ని నేనే నమ్మలేకపోయాను.

కోటమ్మ అడిగిన లెక్క

అదృష్టవశాత్తూ మా డిప్యూటీ గారు ఆ రోజు గురజాల బంగళాలో మకాం ఉన్నారు. సైకిలు మీద ఆయాసపడుతూ వెళ్ళి సంగతంతా చెప్పాను. "నిప్పు కోసం కాదన్నమాట," అన్నారాయన. పాపం, ఆయనకు అదే ముందు తట్టింది. మిగతా ఊళ్ళన్నిటికీ రాయించారు కదా.

తర్వాత కాగితం తీసుకుని తాసీల్దారుకు ఉత్తరం రాశారు. ఇవి ఒక్కరి గింజలు కావు, చాలామంది పొదుపు చేసుకున్నవి, ఎవరివి వాళ్ళు గుర్తుపట్టి చెప్పుకోవడానికి అవకాశం ఇప్పించమని. ఆయనకు జొన్నల సంగతి తెలియదన్నది నిజమే. కానీ రాయాల్సిన కాగితం రాయాల్సిన రోజున రాశారు. ఆ తర్వాత నేను చూసిన అధికారుల్లో అన్నీ తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ కాగితం రాసినవాళ్ళు తక్కువ.

ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగి ఊరికి వెళ్ళాను. కోటమ్మ చేలో పత్తికంప పీకుతోంది. ఎండ నిప్పులు చెరుగుతోంది. రేపు గురజాల వచ్చి కుండ నాదని చెప్పండి, మస్తాన్ను వదిలేస్తారు అన్నాను.

"మునసబు ఆడ ఉంటాడా?"

"ఉంటాడు. కుండలు అప్పగించింది ఆయనే కదా."

ఆమె కంప కింద పడేసి నడుం నిలబెట్టింది. "చెబితే కుండతో పాటు నా మొగుడు పోతాడు. చెప్పకపోతే ఆయమ్మ మొగుడు పోతాడు. నువ్వు లెక్కలు రాసేవోడివిగా. ఈ లెక్క తేల్చి చెప్పు, నేనేం చెయ్యాలో."

ఆమె కాసేపు చూసి మళ్ళీ వంగి కంప పీకడం మొదలుపెట్టింది. ఉద్యోగం మొత్తంలో నేను అంత నిస్సహాయంగా నిలబడ్డ రోజు ఇంకొకటి లేదు.

గురజాల కచేరీలో

మర్నాడు తాలూకా కచేరీ వసారాలో కుండలన్నీ వరసగా పెట్టారు. మస్తాన్ ఒక మూల గొంతుకూర్చుని ఉన్నాడు, హుసేన్‌బీ అతని పక్కన. చలమయ్యకు కుర్చీ వేశారు. గేటు దగ్గర అతని మనిషి కుంచం పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. దాన్ని చూసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. తాసీల్దారు మా డిప్యూటీ గారి ఉత్తరం చదివి, "ఎవరైనా వచ్చారా?" అన్నారు. ఎవరూ రాలేదు. బయట ఎండ తప్ప ఏమీ లేదు. కేసు రాయండి అని ఆయన గుమాస్తాతో అనబోతుండగా గేటు దగ్గర కోటమ్మ కనబడింది. మోకాళ్ళ దాకా దుమ్ము. ఊరి నుంచి నడిచి వచ్చింది. ఆమె వెనకే మిగతా ఆడవాళ్ళు. వాళ్ళ వెనక ఒక గూడుబండి కూడా వచ్చి ఆగింది. తనను తీసుకుపోవడానికి ఇంటి బండి వచ్చిందనుకుని చలమయ్య దాని వంక చూడనే లేదు.

కోటమ్మ నేరుగా వచ్చి ఒక కుండ ముందు నిలబడింది. "ఇది నాది బాబూ."

"నీదని ఏంది గుర్తు?" అన్నాడు చలమయ్య కుర్చీలోంచి.

కోటమ్మ కొంగు చివర పట్టుకుని కుండ మెడకు కట్టిన పేలిక పక్కన పెట్టింది. పేలిక ఆ చీరదే. చిరిగిన చోటు ఇంకా అలాగే ఉంది. ఆమెకు ఇంకో చీర లేదు. ఆ తర్వాత ఇంకొకామె, ఇంకొకామె. ప్రతి ఒక్కరూ కొంగు తెచ్చి కుండకు ఆనించి చూపించారు. ఒక్క చీర కూడా తప్పలేదు. తాసీల్దారు కళ్ళజోడు తీసేశారు. ఆయన మళ్ళీ గుర్తు అడగలేదు.

చివర్న ఒక్క కుండ మిగిలింది. దానికి పేలిక లేదు. లక్క పగలగొట్టి మూకుడు తీశారు. అందులో ఉన్నవి జొన్నలు కావు. బియ్యం. సన్నగా, తెల్లగా, రాయీ రప్పా లేని బియ్యం. ఆ ఊళ్ళో రోజూ బియ్యం వండే ఇల్లు ఒక్కటే. చలమయ్య కుర్చీలోంచి ముందుకు వంగి చూశాడు.

"అది మాత్రం నాదే బాబూ," అంది హుసేన్‌బీ గబగబా.

"మీ ఇంట్లో బియ్యం తింటారా?" అన్నారు తాసీల్దారు.

"పీర్ల పండక్కి తింటాం."

"ఎందుకే అబద్ధాలు? అది నాది."

ఆ మాట గూడుబండి దగ్గర్నుంచి వచ్చింది. బండి దిగి నెత్తిన కొంగు కప్పుకుని వస్తున్నది చలమయ్య భార్య శేషమ్మ. ఊళ్ళో నేను ఎన్నోసార్లు తిరిగినా ఆవిడ మొహం చూడటం అదే మొదటిసారి. చలమయ్య లేచి నిలబడ్డాడు.

"ఏమే, నువ్వెందుకొచ్చావు ఈడికి?"

ఆవిడ అతన్ని దాటి ముందుకొచ్చింది. "నా కుండ కోసం వచ్చాను బాబూ," అని తాసీల్దారుతో అంది.

"ఎవరీమె?" అని ఆయన అడిగితే, "మా ఇంటిది," అన్నాడు చలమయ్య.

"మునసబు గారి ఇంట్లో గింజలకు కరువేమిటమ్మా? నువ్వు దూదేకులవాళ్ళ అటక మీద దాచుకోవడమేమిటి?"

"గింజలకేం బాబూ, చానా ఉండాయి. అందులో నాదనేది పిడికెడు లేదు. మా అమ్మకు బాగాలేదని కబురొస్తే పోతానన్నాను. కోతలయినాక పోదువులే అన్నాడు. కోతలయినాయి. మా అమ్మ పోయింది. ఈసారి ఎవరికన్నా బాగాలేకపోతే అడక్కుండా బండి కట్టించుకుందామని, ఎసట్లో పోసేముందు పిడికెడు తీసి పెట్టుకున్నా. మా ఇంట్లో బొంతలు కుట్టడానికి వచ్చి ఈయమ్మ తీసుకుపోతది."

కోటమ్మ పేదరాలు కాబట్టి దాచుకుంది, అది అర్థమవుతుంది. ఊరందరికీ అప్పు పెట్టే ఇంటి ఇల్లాలు కూడా అదే అటక మీద, అదే పిడికెడు! ఎవరికి పొదుపు అవసరమో నాకు తెలుసని అంతదాకా అనుకునేవాణ్ణి.

శేషమ్మ ఇంకా అయిపోలేదు. "ఈళ్ళవి దాచిన గింజలన్నారంట. దాచిన గింజలు ఎట్టుంటాయో చూస్తారా బాబూ? మా కళ్ళం కింద..."

"శేషమ్మా!" అని అరిచాడు చలమయ్య.

ఆవిడ ఆగిపోయింది. కానీ అన్నంతవరకు అనేసింది. తాసీల్దారు కళ్ళజోడు పెట్టుకుని చలమయ్య వంక తీరిగ్గా చూశారు. "మునసబు గారూ, రేపు మీ ఊరు నేనే వస్తాను. కళ్ళం చూద్దాం," అన్నారు. కుండలు ఎవరివి వాళ్ళకు ఇచ్చేయమని, కేసు కొట్టేయమని గుమాస్తాకు చెప్పారు. మస్తాన్ ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. అతను ఏడవడం చూసి నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి.

కోటమ్మ తన కుండ ఎత్తుకుంది, కానీ కదల్లేదు. గేటు దగ్గరున్న కుంచాన్ని చూపించి అందరూ వినేలా అడిగింది.

"మునసబు గారూ, ఇంటికి పోయినాక నా కుండ కొలవరుగా?"

చలమయ్య తాసీల్దారు వంక చూశాడు. "కొలవను," అన్నాడు.

"ఏరువాకకు మా ఆయన?"

"రమ్మననులే. పోనీ ఇంటికి."

ఆమె కుండను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుంది. కింద పడేస్తుందేమోనని నేను గభాలున పట్టుకోబోయాను. ఆమె పడనివ్వలేదు.

ఆడవాళ్ళంతా కుండలు చంకనెత్తుకున్నారు. శేషమ్మ తన కుండ తనే మోసుకుంది. వసారా ఖాళీ అయింది. హుసేన్‌బీ ఉత్త చేతులతో మొగుడి పక్కన నిలబడి ఉంది.

"నీదేదమ్మా?" అన్నారు తాసీల్దారు.

"ఇందులో నాది లేదు బాబూ."

ఒక్క గింజ తనది కాని కుండల కోసం ఆమె మొగుణ్ణి జైలుకు పంపడానికి సిద్ధపడింది! "మరి నీ కుండ ఎక్కడుంది?" అన్నారాయన. ఎవరి కుండా వాళ్ళింట్లో ఉండదన్నది ఆయనకు తెలియదు కదా.

హుసేన్‌బీ శేషమ్మ వైపు చూసింది.

"చెబితే ఏమైందిలే," అంది శేషమ్మ. "మా వంటింట్లో ఉంది."

చలమయ్య మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు.

నేను సైకిలు నడిపించుకుంటూ కోటమ్మతో పాటు ఊరి దారి పట్టాను. ఆమె కుండ నెత్తిన పెట్టుకుని నాకంటే వేగంగా నడుస్తోంది. దారంతా నా బుర్రలో ఒకటే ఆలోచన. ఆ అటక గుట్టు ఇప్పుడు ఊరందరికీ తెలిసిపోయింది. మళ్ళీ అక్కడ పెట్టడానికి లేదు. ఉండబట్టలేక అడిగేశాను.

"కోటమ్మా, ఇంక కుండ ఎక్కడ పెడతావు?"

ఆమె ఆగి, వెనక్కి తిరిగి, నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"నీకెందుకు చెబుతానయ్యా?" అంది.